ఆయుధ పూజ నుంచి ఉగాది దాకా: బెంగళూరు పక్కన ఎకరం ద్రాక్షతోటను ఇంటిల్లిపాదీ చూసుకునే పద్ధతి

దేవనహళ్ళికీ దొడ్డబళ్ళాపురానికీ మధ్య మాకు ఎకరం ద్రాక్షతోట ఉంది. నాయన నాటింది. ఇప్పుడు నేను, నా భార్య, సెలవుల్లో పిల్లలు, చేతనైనంత అమ్మ కలిసి చూసుకుంటున్నాం. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం మాట్లాడే మాలాంటి కుటుంబాలు ఈ చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. నగరంలో ఉద్యోగాలు చేసే బంధువులు ఆదివారం పూట వచ్చి పందిరి కింద చాప వేసుకుని కూర్చుంటారు. నీడ చల్లగా తగలగానే "మేమూ ఒక ఎకరం వేస్తాం, ఎట్లా చెయ్యాలో చెప్పు" అంటారు. వాళ్ళకు నోటితో చెప్పేదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒకటి పట్టుకోండి. చలిదేశాల్లో ద్రాక్షకు ఋతువును మంచు నిర్ణయిస్తుంది. ఆకు రాలుతుంది, తీగ నిద్రపోతుంది, వసంతంలో తనంతట తనే చిగురిస్తుంది. మన బెంగళూరులో ఆ నిద్ర లేదు. ఇక్కడ తీగ ఏడాది పొడుగునా పాకుతూనే ఉంటుంది. కత్తెర పెట్టిన రోజే దానికి కొత్త సంవత్సరం. ఏ రోజు కత్తిరిస్తారో దాన్నిబట్టి పూత ఏ వానలో తడుస్తుందో, కాయ ఏ ఎండలో పండుతుందో, ఏ వారంలో మండికి వెళ్తుందో తేలిపోతుంది. అందుకే ఈ రాతలో సగం ఆ ఒక్క తేదీ చుట్టూ తిరుగుతుంది.

మొక్క కొనకముందు చూసుకోవలసినవి

నేల ఎర్రదై, ఇసుక పాలు కలిసి, నీళ్ళు నిలవకుండా జారిపోయేదైతే చాలు. మా వైపు నేలలు చాలావరకు అలాంటివే. వాన పడిన మర్నాడు కూడా అడుగు దిగబడే పల్లం మాత్రం వద్దు. ద్రాక్ష వేరు తడిని ఓర్చుకుంటుంది గానీ మునకను ఓర్చుకోదు.

నీటి సంగతి అలా తేల్చేది కాదు, లెక్క వేసి చూడండి. పదహారు అడుగుల ఎడం వరసల్లో పదేసి అడుగులకు ఒక మొక్క చొప్పున నాటితే ఎకరానికి 272 మొక్కలు పడతాయి. ఒక్కో తీగ పందిరి మీద 160 చదరపు అడుగులు, అంటే సుమారు 15 చదరపు మీటర్లు పరుచుకుంటుంది. మండువేసవిలో రోజుకు 7 మిల్లీమీటర్ల నీరు ఆవిరైతే ఆ జాగాకు 105 లీటర్లు. అందులో సగం తీగకు అందాలనుకున్నా 50 లీటర్లు. తోట మొత్తానికి రోజుకు దాదాపు 13,600 లీటర్లు. డ్రిప్ పెట్టినా ఇదే లెక్క. డ్రిప్ మిగిల్చేది వృథా అయ్యే నీటిని, తీగ తాగే నీటిని కాదు. వానాకాలంలో బోరు ధారగా పోసిందని సంబరపడి నాటకండి. ఏప్రిల్ నెలలో, సాయంత్రం పూట, నాలుగు గంటలు ఆపకుండా మోటారు ఆడించి, తొట్టి ఎంతసేపటికి నిండిందో చూసి అప్పుడు నిర్ణయించుకోండి. నీటిని పరీక్షకు కూడా పంపండి. ఉప్పు ఎక్కువగా ఉన్న నీటికి ఆకు అంచులు మాడతాయి. అలాంటి చోట ఉప్పును ఓర్చుకునే డాగ్‌రిడ్జ్ వంటి ద్రాక్ష వేరుమూలం (అంటుకు కింద ఉండే వేరు భాగం) మీద అంటు కట్టిన మొక్కే వేయాలి.

మూడోది మనుషులు. కత్తిరించిన తర్వాత మొదటి నలభై అయిదు రోజులు ఇంట్లో ఎవరో ఒకరు పొద్దున్నే తోటలో ఉండాలి. వారానికోసారి వచ్చి చూసే ఉద్దేశముంటే మామిడి వేసుకోండి, సపోటా వేసుకోండి. ద్రాక్షకు ఆ పద్ధతి పనికిరాదు.

రకం

మాది బెంగళూరు బ్లూ. గింజ ఉంటుంది, తోలు మందం, నొక్కితే లోపలి గుజ్జు ముద్దగా జారి బయటికొస్తుంది. వాసన మాత్రం గది నిండిపోతుంది. యూరప్ ద్రాక్ష, అమెరికా ద్రాక్ష రెండు జాతుల రక్తమూ కలిసిన రకం ఇది, ఇసబెల్లా అనే పేరుతోనూ పిలుస్తారు. బెంగళూరు చుట్టుపక్కల, చిక్కబళ్ళాపురం, కోలారు వైపు తరతరాలుగా పండుతున్నందుకు 2013లో దీనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. నేను దీన్నే సిఫారసు చేస్తాను, ఎందుకంటే మన వాతావరణంలో ఏడాదికి రెండు కాపులు ఇస్తుంది, ఆకు మీద, కాయ మీద గుండ్రటి మచ్చలు పెట్టే పక్షికన్ను తెగులును బాగా తట్టుకుంటుంది, కాయ సాగడానికి హార్మోన్లు కొట్టే అవసరం లేదు. బూజు తెగులుకు మాత్రం తేలిగ్గా లొంగుతుంది.

దిల్‌ఖుష్ కూడా ఈ వైపు బాగానే పండుతుంది. హైదరాబాదు శివార్లలో ఒకప్పుడు పేరు మోసిన అనాబ్-ఎ-షాహీ నుంచి వచ్చిన రకం అది. కాయ పొడుగు, చూపు బాగుంటుంది, చాకిరీ కూడా అంతే ఎక్కువ. గింజలేని థామ్సన్ రకం విజయపుర, సాంగ్లీ, నాసిక్ వంటి పొడి ప్రాంతాలకు తగినట్టు మనకు తగదు. హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ అర్క నీలమణి, అర్క కృష్ణ లాంటి రకాలను ఒక వరస వేసి చూసుకోవచ్చు. వైన్ ద్రాక్షలు, అంటే షిరాజ్, కాబెర్నే లాంటివి, కొనేవాళ్ళతో రాతపూర్వకంగా ఒప్పందం కుదిరాకే వేయండి. నంది కొండల కింద 1988లో మొదలైన గ్రోవర్ తోటలను చూసి ఆశపడే వాళ్ళున్నారు. ఆ కాయను సంతలో ఎవరూ తినడానికి కొనరు, చిన్నది, గింజలమయం.

పందిరి

మా వైపు రాతి కూసాలకు, అంటే రాతి స్తంభాలకు, కొదవ లేదు. ఒకసారి పాతితే మనుమల దాకా నిలుస్తాయి. చుట్టూ అంచున ఉండే కూసాలు బయటికి కాస్త వాలి ఉండాలి, ప్రతిదాన్నీ భూమిలో పాతిన లంగరు రాయికి తీగతో బిగించాలి. నిండా కాసిన ఎకరంలో పది టన్నులు దాటిన బరువు ఆ తీగల మీద వేలాడుతుంది. అంచు కూసం ఒకటి ఒరిగితే వరస మొత్తం కుంగుతుంది. అంచుకు లావు తీగ, లోపల సన్నతీగ అల్లి, గళ్ళు ఒకటిన్నర అడుగు మించకుండా చూసుకోండి.

ఎత్తు ఎంత పెట్టాలన్నది పుస్తకంలో ఏడడుగులని ఉంటుంది. నాయన ఆ రోజు అమ్మను పొలంలో నిలబెట్టి చెయ్యి ఎత్తమన్నాడు. ఆమె వేళ్ళ కొసకు రెండంగుళాల కింద గుర్తు పెట్టాడు. రోజూ ఎవరు చెయ్యెత్తి పని చేస్తారో వాళ్ళ ఎత్తే పందిరి ఎత్తు. అంతకు మించి పెడితే కత్తిరింపు నుంచి కోత దాకా ప్రతి పనికీ బల్ల ఎక్కాలి, భుజాలు పడిపోతాయి.

నాటడం, తీగను పైకెక్కించడం

అక్టోబరు కత్తిరింపులో రాలిన పుల్లల్లోనే వచ్చే తోట ఉంది. పెన్సిలంత లావు, బాగా ముదిరి గోధుమ రంగు తిరిగినవి, నాలుగు కళ్ళు, అంటే చిగురు పుట్టే మొగ్గలు, ఉన్న ముక్కలుగా కోయండి. కింది కోత కంటికి ఆనుకుని అడ్డంగా, పై కోత కంటికి అంగుళం పైన ఏటవాలుగా పెట్టండి. అలా అయితే తలకిందులుగా పాతే పొరపాటు రాదు. సంచుల్లో వేరు పట్టించి జనవరి, ఫిబ్రవరిలో నాటుకుంటే వానలు వచ్చేసరికి నిలదొక్కుకుంటాయి. గుంట రెండున్నర అడుగులు తీసి, పైమట్టి, మాగిన పశువుల ఎరువు, వేపపిండి కలిపి నింపి, ఒక తడి పెట్టి దిగబడనిచ్చాక నాటండి.

ఆ తర్వాత ఒకే ఒక్క చిగురును ఉంచి, తక్కినవన్నీ గిల్లేసి, కర్రకు కట్టుకుంటూ పందిరికి చేర్చాలి. పందిరికి జానెడు కింద ఉండగా కొస తుంచితే రెండు పక్కచిగుర్లు వస్తాయి. ఒకటి అటు, ఒకటి ఇటు. ఇవి పెద్ద చేతులు. వీటి మీద రెండేసి అడుగులకు ఒకటి చొప్పున పక్కచేతులు పారించాలి. కొత్తవాళ్ళు ఇక్కడే తొందరపడతారు. తీగ పందిరెక్కగానే అది పాకినంత దూరం పాకనిస్తారు. తీగ సన్నగా సాగిపోయి మధ్యలో కళ్ళు పొడవవు, ఆ బోడి జాగా ఎన్నేళ్ళయినా పూడదు. మూడడుగులు సాగగానే కొస తుంచండి, లావెక్కనివ్వండి, మళ్ళీ సాగనివ్వండి. ఏడాదిన్నర, రెండేళ్ళకు మొదటి కాపు వస్తుంది. ఆ కాపులో సగం గుత్తులు తీసేయండి. అవి కోసి పారేస్తుంటే నా భార్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అయినా తీసేశాం. ఆ ఏడు తీగకు బరువు కంటే బలం కావాలి.

కత్తెర పెట్టే రోజు

బెంగళూరు బ్లూ కత్తిరించాక పది పన్నెండు రోజులకు కన్ను విచ్చుతుంది, నలభై రోజులకు అటూ ఇటూగా పూత, తొంభై రోజులకు రంగు తిరగడం, నాలుగు, నాలుగున్నర నెలలకు కోత. వెనక్కి లెక్కపెట్టుకోవాలి. పూతకు వాన తగలకూడదు, కాయ పండేటప్పుడు పొడి ఎండ, చల్లని రాత్రులు కావాలి. మన ఊళ్ళో అలాంటి కాలం ఫిబ్రవరి, మార్చి మొదటి వారాలు. కాబట్టి కత్తెర అక్టోబరు మధ్య నుంచి నెలాఖరు లోపల పడాలి.

మా ఇంట్లో ఈ లెక్కంతా పండుగల మీద నడుస్తుంది. ఆయుధ పూజ రోజున కత్తెరలు సాన పట్టించి, కడిగి, పసుపు కుంకుమ పెట్టి గూట్లో ఉంచుతాం. చిత్త కార్తె సగం దాటాక, మబ్బు విడిచిన రోజు చూసి బయటికి తీస్తాం. దీపావళి దగ్గర కళ్ళు విచ్చుతాయి. కార్తీకం చివర, మార్గశిరం మొదట్లో పూత. సంక్రాంతి నాటికి కాయ నిండి అక్కడక్కడ మెరుపు వస్తుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయే వేళకు గుత్తి నల్లబడి తీపి పడుతుంది. ఉగాదికి పందిరి ఖాళీ.

ముందు కత్తిరిస్తే ముందు అమ్ముకోవచ్చు, ధర బాగుంటుంది అన్న ఆశ ప్రతి ఏడాదీ పుడుతుంది. ఒక ఏడు ఒక వ్యాపారి జనవరి మూడో వారానికి కాయ కావాలని చెప్పి బయానా ఇస్తే, హస్త కార్తె రాకముందే కత్తిరించాం. పూత పూర్తిగా విడిచిన వారంలో చెన్నై వైపు నుంచి తుపాను మబ్బు వచ్చి నాలుగు రోజులు ముసురు పట్టింది. పూగుత్తులు తెల్లగా బూజెక్కి, పట్టుకుంటే పొడిపొడిగా రాలాయి. అప్పటిదాకా వారం వారం ఫోను చేసిన మనిషి ఆ తర్వాత ఎత్తనేలేదు. పంట పోయింది, బయానా తిరిగిచ్చాం. అప్పటినుంచి తేదీని వాననుబట్టే పెట్టుకుంటున్నాం, ధరనుబట్టి కాదు. మరీ ఆలస్యం చేసినా ముప్పే. నవంబరు రెండో వారం దాటితే డిసెంబరు చలికి కళ్ళు సరిగా విచ్చవు, కాయ ఏప్రిల్ వడగళ్ళ పాలబడుతుంది.

కత్తిరింపు చేసే విధానం

వారం పది రోజుల ముందు నీళ్ళు తగ్గించండి. ఆకు పసుపు తిరుగుతుంది, పుల్ల ముదురుతుంది. పుల్ల ముదిరిందో లేదో తెలుసుకోవడానికి ఒకటి విరిచి చూడండి. చిటుక్కున విరిగి, పైన గోధుమ రంగు, లోపల గట్టిదనం ఉంటే సిద్ధం. వంగి నారలా సాగితే ఇంకా పచ్చిదే.

ప్రతి పక్కచేతి మీదా అరచెయ్యి వెడల్పుకు ఒకటి చొప్పున మంచి పుల్లలు ఎంచుకోండి. వాటిని నాలుగైదు కళ్ళకు కత్తిరించి, మిగిలినవి మొదటికంటా తీసేయండి. ఈ రకానికి మొదలు దగ్గరి కళ్ళలోనే గుత్తి ఉంటుంది, పొడుగ్గా వదిలితే ఆకు తప్ప లాభం లేదు. సన్నపుల్ల మీద జాలి వద్దు. కోత కంటికి అరంగుళం పైన, కంటికి అవతలి వైపుకు వాలేలా ఉండాలి, కారే నీరు కంటి మీద పడకుండా. కత్తిరించిన రెండో రోజు పొద్దున కోతల నుంచి బొట్లు బొట్లుగా నీరు కారుతుంటే భయపడకండి. వేరు పని చేస్తోందని దాని అర్థం.

తెగులున్న పుల్లలు, రాలిన ఆకులు ఒక్కటి కూడా తోటలో మిగలకూడదు, ఊడ్చి కాల్చేయండి. పెద్ద గాయాలకు బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పోయేటప్పుడు కత్తెరను స్పిరిట్ గుడ్డతో తుడవండి.

కళ్ళన్నీ ఒకేసారి విచ్చడానికి కొందరు హైడ్రోజన్ సైనమైడ్ పూస్తారు. దిల్‌ఖుష్ తోటల్లో అది మామూలు. మేము వాడం. మీరు వాడితే చేతులకు గ్లౌజులు, ఒంటినిండా బట్ట తప్పనిసరి. ఇంకో మాట, దీన్ని పూసే కూలీలకు ముందే చెప్పండి. ఆ రోజుల్లో మద్యం తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడ పుట్టి, ఊపిరి ఆడక ఆసుపత్రికి పోవలసి వస్తుంది. ముందురోజు నుంచి ఆ తర్వాత చాలా రోజుల దాకా చుక్క ముట్టకూడదు. ఈ సంగతి తెలియక ప్రాణం మీదికి తెచ్చుకునేది పాపం కూలీలే.

నలభై అయిదు రోజుల కాపలా

బూజు తెగులు గెలిచేదీ ఓడేదీ ఈ రోజుల్లోనే. ఆకు పైన నూనె చుక్క పడ్డట్టు పసుపు మచ్చ కనిపిస్తే ఆకు తిప్పండి. కింద తెల్లటి నూగు ఉంటే అదే. పొద్దున మంచు ఆరకముందు చూస్తే స్పష్టంగా తెలుస్తుంది, ఎండెక్కాక నూగు అణిగిపోయి దొరకదు. రోజూ ఒకే చోట చూడకండి. పల్లపు మూల, గాలి తగలని మధ్య వరస, డ్రిప్ కారే జాగా, ఈ మూడూ ముందు చూడాలి.

దీనికి మా ఇంటి మందు బోర్డో మిశ్రమం. 1885లో ఫ్రాన్సులోని బోర్డో ద్రాక్షతోటల్లో మిలార్దే అనే శాస్త్రవేత్త లోకానికి చెప్పింది. ఇంకా పనిచేస్తోంది. చేసే తీరులోనే దాని బలమంతా ఉంది కాబట్టి కొలతలతో సహా చెబుతాను.

వంద లీటర్లకు కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), కిలో మంచి గుల్లసున్నం. చిన్నగా చేసుకోవాలంటే పది లీటర్లకు వందేసి గ్రాములు. మైలుతుత్తాన్ని గుడ్డలో మూటకట్టి, సగం నీళ్ళున్న ప్లాస్టిక్ డ్రమ్ములో పైన వేలాడేలా రాత్రే కట్టండి, తెల్లారేసరికి కరుగుతుంది. ఇనుప పాత్ర, ఇత్తడి పాత్ర వాడకూడదు. సున్నాన్ని వేరే పాత్రలో కొద్దికొద్దిగా నీళ్ళు చల్లుతూ విరగనిచ్చి, చల్లారాక మిగతా సగం నీళ్ళలో కలిపి వడకట్టండి. ఇప్పుడు మైలుతుత్తం నీళ్ళను సున్నపు నీళ్ళలోకి సన్నధారగా పోస్తూ ఇంకొకరు కర్రతో కలుపుతుండాలి. ఆకాశం రంగు వస్తుంది. తోమిన ఇనుప కత్తిని ఒక నిమిషం అందులో ముంచి తీయండి. కత్తి మీద ఎర్రటి రాగి పూత పట్టిందంటే సున్నం చాలలేదు, ఆకు మాడుతుంది, ఇంకాస్త సున్నపు నీళ్ళు కలిపి మళ్ళీ చూడండి. కత్తి శుభ్రంగా వచ్చాకే పంపులో పోయండి. అదే రోజు వాడెయ్యాలి. నిలవ ఉంచితే అడుగంటి పనికిరాదు.

ఈ ఒక్క శాతం మిశ్రమం కత్తిరించిన వెంటనే ఆకు లేని తీగ చేతుల మీద కొట్టడానికి. లేత ఆకు వచ్చాక సగం బలం చాలు. పూత విచ్చే వారంలో ఏ మందూ కొట్టకపోవడమే మంచిది. కాయ మీద కొడితే నీలి మరక ఉండిపోతుంది, కొనేవాళ్ళు ముట్టరు. వాన ముసురు పట్టి తెగులు దాటిపోయేలా ఉంటే లోపలికి ఇంకే మందు తప్పదు, అప్పుడు ఉద్యాన శాఖ వాళ్ళనో, కృషి విజ్ఞాన కేంద్రం వాళ్ళనో అడిగి, సీసా మీద కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలని రాసి ఉందో చదివి వాడండి. ఆ కాయ ముందుగా తినేది మన పిల్లలే.

డిసెంబరు, జనవరి పొడి చలిలో బూడిద తెగులు వస్తుంది. ఇది ఆకు పైన, కాయ మీద బూడిద చల్లినట్టు ఉంటుంది. దానికి నీటిలో కలిసే గంధకం. ఎండ ముదిరాక గంధకం కొడితే ఆకు కాలుతుంది, కాబట్టి పొద్దున్నే కానిచ్చేయండి. పిండినల్లి, అంటే తెల్లటి పిండి అద్దినట్టుండే రసం పీల్చే పురుగు, కోసం బెరడు కింద వెతకండి. చీమలు మాను ఎక్కుతున్నాయంటే పైన పిండినల్లి ఉన్నట్టే.

మధ్యలో చేతి పని ఎప్పుడూ ఉంటుంది. గుత్తి లేని చిగుర్లు నాలుగైదు ఆకులప్పుడే గిల్లేయాలి. నులితీగలు తీసేయాలి. గుత్తులు తీగల సందున ఇరుక్కోకుండా కిందికి దించాలి. ఇది అమ్మ పని. ఆమె వేళ్ళకున్న నేర్పు నాకింకా రాలేదు. ఆకులను మాత్రం మరీ పలచన చేయకండి. పందిరి కింద నిలబడి చూస్తే నేల మీద ఎండ రూపాయి బిళ్ళల్లా చుక్కలు చుక్కలుగా పడాలి. నేలంతా నీడైతే గాలి ఆడక తెగులు, నేలంతా ఎండైతే కాయ మీద కాలిన మచ్చ.

పూతలో నీళ్ళు కాస్త తగ్గించి, పిందె కట్టాక పెంచి, రంగు తిరిగాక మళ్ళీ మెల్లగా తగ్గించండి. కోతకు ముందు ఒక్కసారిగా నిండా తడి ఇస్తే కాయ పగులుతుంది. రంగు తిరిగే వేళకు వలలు కట్టేయాలి. పొద్దున చిలకలు, గోరింకలు, రాత్రి గబ్బిలాలు వస్తాయి, వాటికి మనకంటే ముందే తీపి తెలుస్తుంది.

కోత, అమ్మకం

నలుపు చూసి కోయకండి. బెంగళూరు బ్లూ గుత్తిలో కాయలన్నీ ఒకేసారి పండవు, రంగు ముందొస్తుంది, తీపి రెండు వారాలు వెనక వస్తుంది. గుత్తిలో పైకాయ కాదు, కొసన ఉన్న కాయ తిని చూడండి. అది తీపి పడితే గుత్తంతా పడినట్టే. రసంలో తీపిని కొలిచే రిఫ్రాక్టోమీటరు ఉంటే అందులో అంకె 16 దాటి, 18 దగ్గరికి రావాలి. కోసిన తర్వాత ద్రాక్ష ఇక పండదు. అరటిలాగా గడ్డిలో పెడితే తీపెక్కుతుందన్నది భ్రమ. పచ్చికాయ తిన్నవాళ్ళు మళ్ళీ మన కాయ కొనరు.

తెల్లవారి, మంచు ఆరాక, ఎండెక్కకముందు కోయాలి. కాడ పట్టుకుని కత్తిరించాలి, కాయను తాకకూడదు. కాయ మీదుండే తెల్లటి పొడి పొర మందు కాదు, మురికీ కాదు, దాని సహజమైన మైనం. అది చెదరకుండా ఉన్న కాయే నాలుగు రోజులు నిలుస్తుంది. కాగితం పరచిన క్రేట్లలో ఒకటి, రెండు వరసలకు మించి పేర్చకండి.

అమ్మకానికి మూడు దారులు. తోటను గుత్తకు ఇచ్చేయడం సులువు, కానీ కోత తేదీ మన చేతిలో ఉండదు, గుత్తదారు ధర చూసి పచ్చిగానే కోస్తాడు. తూకానికి ఇస్తే తూకం తోటలోనే వేయించి, డబ్బు చేతికందాకే బండి కదలనివ్వండి. 1959 నుంచి నడుస్తున్న హాప్‌కామ్స్ సహకార సంఘంలో సభ్యులైతే అదీ ఒక ఆసరా. వేసవి మొదట్లో వాళ్ళు పెట్టే ద్రాక్ష, పుచ్చకాయల మేళాకు నగరం జనం బాగా వస్తారు. మూడోది నేరుగా తినేవాళ్ళకే అమ్మడం. 2020 మార్చిలో అంతా మూసేసినప్పుడు మా కాయ పందిరి మీదే ఉండిపోయింది. యలహంక వైపు అపార్టుమెంట్లలో ఉన్న మా పెద్దమ్మ కొడుకు వాట్సాప్‌లో నాలుగు మాటలు రాసి పెట్టాడు. అనుమతి తీసుకుని, రెండేసి కిలోల సంచులు కట్టి, గేటు దగ్గర దించి వచ్చాం. సగం పంట అలా గట్టెక్కింది. ఇప్పటికీ ఆ ఇళ్ళవాళ్ళు శివరాత్రి దాటగానే ఫోను చేస్తారు. ఎకరం తోటకు ఒక వంద ఇళ్ళ పరిచయం ఉంటే మండి ధర పడిన వారం కూడా నిద్ర పడుతుంది. రాలిన కాయను రసం తీసి పెట్టుకోండి. సన్నసెగ మీద తోలు చిట్లేదాకా వేడిచేసి, గింజ నలగకుండా గుడ్డలో వడకట్టాలి. గింజ నలిగితే వగరు.

ఉగాది తర్వాత

పంట అయిపోగానే తోటను మరిచిపోవడం అందరూ చేసే తప్పు. కోత తర్వాత నెల రోజులు ఆకు పచ్చగా నిలవాలి, అప్పుడే మాను, వేరు మళ్ళీ నిండుతాయి. నీళ్ళు ఆపకండి. మొదళ్ళ పక్కన చాలు తీసి, మాగిన ఎరువు వేసి, ఎండుగడ్డో చెరకు పిప్పో కప్పండి. అది రోహిణి కార్తె ఎండకు గొడుగు పట్టినట్టు.

రెండో కత్తెర ఏప్రిల్ చివర పడుతుంది. ఈసారి వచ్చే కాపు ఆగస్టు, సెప్టెంబరులో వానల మధ్య పండుతుంది, తీపి తక్కువ, తెగులు ఎక్కువ. అందుకే మేము ఈ కాపును సగానికి తగ్గించుకుంటాం. చాలా మంది నవ్వుతారు, వదిలేసే ఆదాయం కదా అంటారు. నేను ఈ కాలాన్ని కాయ కోసం చూడను. ఇప్పుడు పెరిగే పుల్లలోనే, కత్తిరించిన నలభై నుంచి అరవై రోజుల మధ్య, వచ్చే అక్టోబరు గుత్తి కంటిలోపల రూపు దిద్దుకుంటుంది. కంటికి కనిపించదు గానీ ఏడాది పంట తేలేది ఆ మూడు వారాల్లోనే. మృగశిర, ఆరుద్ర మబ్బుల్లో తీగ గుబురుగా అల్లుకుపోతే లోపలి కళ్ళకు వెలుతురు అందక ఉత్త ఆకుకన్నులుగా మిగిలిపోతాయి. కాబట్టి ఆ రోజుల్లో యూరియా వద్దు, నీళ్ళు తగ్గించండి, పొటాష్ ఇవ్వండి, చిగురు కొసలు తుంచండి, ఒకదాని మీద ఒకటి పడుకున్న పుల్లలను విడదీసి పందిరి మీద పరిచి కట్టండి. అక్టోబరులో "ఈ ఏడు గుత్తులే రాలేదు" అని కత్తిరించినవాణ్ణి తిట్టుకునే వాళ్ళను చూస్తుంటాను. తప్పు జూన్‌లో జరిగింది.

చచ్చిన మొక్కల చోటు పూడ్చడం కూడా ఈ వానల్లోనే. కొత్త మొక్క తెచ్చి నాటితే పాత తీగల నీడలో అది లేవదు. పక్క చెట్టు నుంచి పొడవైన ముదురు పుల్లను కిందికి దించి, ఖాళీ జాగాలో జానెడు లోతున రెండు కణుపులు మట్టిలో ఉండేలా పాతి, కొసను కర్రకు కట్టి పైకి నిలపండి. తల్లి చెట్టు పాలు తాగుతూ మట్టిలో వేరు పోసుకుంటుంది. వచ్చే ఏడాది ఆయుధ పూజ దాకా కదపకండి. ఆ దసరాకు సాన పట్టిన కత్తెరతో ముందు తల్లి తీగ వైపు సగం మందం కోసి, పదిహేను రోజులు ఆగి, ఆకు వాడకపోతే మిగతా సగం కోసేయండి.